ఇల్లు సర్దే ఐదు పద్ధతులు: ఎవరి ఇంటికి ఏది నప్పుతుంది?

ఇల్లు సర్దాలని కొంగు బిగించిన ప్రతిసారీ పని దాదాపు ఒకే చోట ఆగిపోతుంది. అటక మీది నుంచి దింపిన ఇత్తడి బిందె నట్టింట్లో ఉంటుంది. దాన్ని ఉంచాలో తీసేయాలో చెప్పవలసిన మనిషి మాత్రం ఆ సమయానికి ఇంట్లో ఉండరు. సాయంత్రానికి బిందెతో పాటు సర్దే పని కూడా అటకెక్కుతుంది. దీన్ని మనం బద్ధకమనో, వస్తువుల మీద మమకారమనో అనుకుంటాం కాని, ఎక్కువ సందర్భాల్లో అసలు కారణం మనం ఎంచుకున్న పద్ధతి ఆ ఇంటికి నప్పకపోవడమే. ఇవాళ ప్రచారంలో ఉన్న ఇల్లు సర్దే పద్ధతులు చాలావరకు ఒక వస్తువుకు ఒకే యజమాని ఉంటాడన్న ఊహ మీద నిలబడ్డాయి. మన ఇళ్లలో ఒక గంగాళానికి అత్తగారు, ఆమె తోడికోడలు, అమెరికాలో ఉన్న ఆడపడుచు ముగ్గురూ యజమానులే కావచ్చు.

ఇక్కడ పోల్చి చూస్తున్న పద్ధతులు ఐదు: పండుగ ముందు ఇల్లంతా దులపడం, రకాల వారీగా ఏరడం, రోజుకొక అర సర్దడం, అనుమానం ఉన్నవాటిని తేదీ వేసిన పెట్టెలో ఉంచి వేచిచూడడం, కర్మాగారాల నుంచి వచ్చిన ఐదు ఎస్‌ల విధానం.

ముందుగా చూసుకోవలసినవి

అన్నిటికన్నా ముఖ్యమైనది నిర్ణయాధికారం. మీ బీరువాలోని బట్టల మీద మీకున్న అధికారం, వంటింటి పై అరలో పేర్లు చెక్కి ఉన్న స్టీలు గిన్నెల మీద ఉండదు. పెళ్లికీ గృహప్రవేశానికీ వచ్చిన ఆ గిన్నెల అంచున ఇచ్చినవారి పేరు, తేదీ ఉంటాయి. ఆ పేరు కంటికి కనిపిస్తున్నంత కాలం వాటిని మరొకరికి ఇవ్వడానికి చేయి రాదు. అందుచేత పని మొదలుపెట్టే ముందు గది మధ్యలో నిలబడి, ఇక్కడున్న వస్తువుల్లో ఎవరినీ అడగకుండా నేను తీసేయగలిగినవి ఏ మేరకు ఉన్నాయి అని ఒక ఉజ్జాయింపు లెక్క వేసుకోవడం మంచిది. సగానికి పైగా ఉంటే రకాల వారీ పద్ధతి సాధ్యమవుతుంది. పావు వంతు కూడా లేకపోతే ఆ పద్ధతి ఇంట్లో తగవుగా మారుతుంది.

తర్వాతది సమయం. వారానికి ఏడు గంటలు దొరుకుతాయన్న లెక్క చాలదు. అవి ఒకే ఆదివారం దొరికే ఏడు గంటలా, రోజుకొక గంట చొప్పున దొరికేవా అన్నదాన్ని బట్టి పద్ధతి మారిపోతుంది. చోటు కూడా అలాంటిదే. రెండు పడకగదుల ఫ్లాటులో నలుగురి బట్టలూ ఒక్కచోట కుప్ప పోస్తే ఆ రాత్రి పడుకోవడానికి మంచం మిగలదు.

పొరపాటును దిద్దుకునే వీలుందా అన్నది చాలామంది ఆలోచించని సంగతి. పాత చొక్కా పారేసి బాధపడినవారు అరుదు. స్థలం అంతకుముందు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత లింకు దస్తావేజును చిత్తు కాగితాల్లో వేసినవారు మాత్రం ఏళ్ల తరబడి తిరగవలసి వస్తుంది. ఇక చివరి ప్రమాణం, సర్దిన ఇల్లు ఎన్నాళ్లు అలా నిలుస్తుందన్నది. ఒక్కరోజులో అద్దంలా మెరిసి మూడు నెలల్లో మునుపటి రూపుకు వచ్చే పద్ధతి కన్నా, నెమ్మదిగా సాగి నిలిచే పద్ధతి మేలు.

పండుగ ముందు దులుపుడు

తాతల నాటి నుంచి వస్తున్న పద్ధతి ఇది. సంక్రాంతికో ఉగాదికో, తెలంగాణలో బతుకమ్మ, దసరాలకో ముందు బూజు దులిపి, సున్నాలు వేసి, సజ్జ మీది సామాను దింపి, తోమి, మళ్లీ ఎక్కించడం అందరికీ అలవాటైన పనే. దీన్ని పాత చాదస్తంగా కొట్టిపారేయడం తొందరపాటు. మిగతా నాలుగు పద్ధతులకూ లేని బలం దీనికి ఒకటుంది: నిర్ణయాధికారం ఉన్నవారంతా ఒకే కప్పు కింద ఉంటారు. ఈ పందిరి మంచం కోళ్లు ఎవరికైనా కావాలా అన్న ప్రశ్నకు పండుగ మూడు రోజుల్లో దొరికినంత త్వరగా జవాబు మరెప్పుడూ దొరకదు.

అయితే దులపడం వేరు, తగ్గించడం వేరు. చింతపండుతో తోమిన గంగాళం ఏటా తళతళలాడుతూ అటక మీదికే వెళ్తుంది. పైగా పండుగ గడువు దగ్గరపడేకొద్దీ మిగిలిన చిల్లర సామానంతా ఒక గోనెసంచిలో చేరి మంచం కిందికి జారుకుంటుంది. ఆ సంచిని వచ్చే ఏడు కూడా ఎవరూ విప్పరు. భోగిమంట విషయంలో ఒక హెచ్చరిక అవసరం. పిడకలు, ఎండు కొమ్మలు, రంగు వేయని విరిగిన చెక్క వరకైతే మంటలో వేయవచ్చు కాని, ప్లాస్టిక్ కుర్చీలు, ఫోము పరుపులు, టైర్లు, రంగు పూసిన తలుపు చెక్కలు కాలిస్తే వచ్చే పొగ ప్రమాదకరమైనది. ఆ పొగను ముందుగా పీల్చేది చుట్టూ నిలబడిన పిల్లలే.

నా అభిప్రాయంలో పండుగ రోజులను దులపడానికి కాక అడగడానికి వాడుకోవాలి. దులిపే పని నెల ముందే ముగించి, ఎవరిదో తేలని వస్తువులను మాత్రం ఒకచోట పరచి ఉంచితే, వచ్చినవారు భోజనాల తర్వాత వాటి సంగతి తేల్చేస్తారు.

రకాల వారీగా ఏరడం

జపాన్‌కు చెందిన మారీ కొండో ప్రచారంలోకి తెచ్చిన కొన్‌మారి పద్ధతిలో గదుల వారీగా కాక రకాల వారీగా ఏరతారు. ముందు బట్టలు, తర్వాత పుస్తకాలు, కాగితాలు, చిల్లర మల్లర సామాను, అన్నిటికన్నా చివర జ్ఞాపకాలతో ముడిపడిన వస్తువులు. ఒక రకానికి చెందినవి ఇంట్లో ఏ మూల ఉన్నా ఒకచోట కుప్ప పోసి, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, అది మనసుకు సంతోషం కలిగిస్తోందా అని చూసుకుని, కలిగించేవాటినే ఉంచుకోవాలి.

ఈ పద్ధతిలో కుప్ప పోయడమే అసలు కిటుకు. బీరువాలో కొన్ని, ట్రంకు పెట్టెలో కొన్ని, పూజగది సొరుగులో కొన్ని ఉన్నప్పుడు కంటికి ఆనని జాకెట్టు ముక్కలు, ఒక్కచోట చేరేసరికి బట్టల దుకాణాన్ని తలపిస్తాయి. వరుసక్రమంలో కూడా మంచి ఆలోచన ఉంది: చేయి తేలికగా కదిలే బట్టలతో మొదలుపెట్టినవారికి, నాయనమ్మ కళ్లజోడు దగ్గరికి వచ్చేసరికి నిర్ణయం తీసుకోవడం కొంత అలవాటవుతుంది.

మన ఇళ్లకు తెచ్చుకున్నప్పుడు మాత్రం రెండు మూడు మార్పులు తప్పవు. సంతోషం కలిగిస్తోందా అన్న ప్రశ్న రేషన్ కార్డునీ కుక్కర్ గాస్కెట్‌నీ అడగలేము. జాకెట్టు ముక్కలనూ అడగలేము. ఎందుకంటే అవి తొడుక్కునేవి కావు, చేతులు మారేవి. ఒక పేరంటంలో వచ్చినది మరో పేరంటంలో తాంబూలంతో వెళ్తుంది. అలాంటివాటికి సంతోషం బదులు సంఖ్య పెట్టుకోవాలి: రాబోయే ఏడాదిలో మనం పెట్టుపోతలు జరపవలసిన సందర్భాలు ఎన్ని ఉన్నాయో లెక్కించి, అన్ని ముక్కలు ఉంచి మిగతావి ఇచ్చేయవచ్చు. ఇంకొకటి, ఈ పద్ధతిలో ప్రసిద్ధమైన నిలువు మడత టీషర్టులకూ పిల్లల బట్టలకూ బాగా కుదురుతుంది కాని, జరీ ఉన్న పట్టుచీరలకు పనికిరాదు. పట్టుచీరను నూలు గుడ్డలో చుట్టి బల్లపరుపుగా ఉంచి, కొన్ని నెలలకొకసారి మడత మార్చాలి. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే జరీ ఆ గీత వెంటే విరుగుతుంది. కలరా ఉండలు జరీకి తగలకుండా చూసుకోవాలి.

ఒంటరిగా ఉండేవారికీ, కాపురం పెట్టి నాలుగైదేళ్లయిన జంటలకూ ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. ఉమ్మడి కుటుంబంలో మాత్రం ఒక్కొక్కరూ తమ బట్టలకే పరిమితమై చేసుకోవాలి. మరొకరి వస్తువును మనం చేతిలోకి తీసుకుని సంతోషం తూకం వేయడం మొదలుపెడితే, ఆ ఇంట్లో వారం రోజుల పాటు సంతోషం అనే మాట వినబడదు.

రోజుకొక అర

పసిపిల్లలున్నవారికీ, ఉద్యోగం చేస్తూ వంటిల్లు చూసుకునేవారికీ మిగిలిన దారి ఇదే. రోజుకు 15 నుంచి 20 నిమిషాలు, ఒక్క సొరుగు లేదా ఒక్క అర, అంతకు మించి కాదు. వంటిల్లు, ఫ్రిజ్, మందుల డబ్బా, కుట్టుపెట్టె వంటి చోట్ల ఇది చక్కగా పనిచేస్తుంది; ఎందుకంటే అక్కడ నిర్ణయాలు చిన్నవి, ఎవరినీ అడగనక్కరలేదు. గడువు దాటిన మందుకు వారసులు ఉండరు.

లోపం ఏమిటంటే, మొత్తం ఎంత ఉందో ఎప్పటికీ తెలియదు. మూడో అరలోంచి తీసిన ఖాళీ సీసాలు నాలుగో అరలో చేరతాయి. వారం తర్వాత నాలుగో అర సర్దినప్పుడు మళ్లీ మూడో అరకు వస్తాయి. అందుకే గుమ్మం పక్కన ఒక సంచి వేలాడదీసి, తీసినది తిన్నగా అందులోకే వెళ్లాలనీ, శనివారం నాటికి ఆ సంచి ఇల్లు దాటాలనీ నియమం పెట్టుకోకపోతే ఈ పద్ధతి సామాను ఊరేగింపుగా మిగిలిపోతుంది.

తేదీ వేసిన పెట్టె

ఉంచాలో వద్దో తేలని వస్తువులను ఒక అట్టపెట్టెలో సర్ది, టేపు అంటించి, పైన తేదీ, లోపల ఏమేమున్నాయో చిన్న జాబితా రాసి పక్కన పెడతారు. గడువులోగా ఎవరూ ఆ పెట్టె విప్పి ఏదీ తీసుకోకపోతే, అది లేకపోయినా ఇల్లు నడుస్తుందని తేలినట్టే. పొరపాటును దిద్దుకునే వీలు ఇందులో ఉన్నంతగా మరెందులోనూ లేదు. ఒకరి మాట మీద మరొకరు నెగ్గవలసిన అవసరం కూడా ఉండదు. పారేస్తున్నాం అనడం లేదు, పక్కన పెడుతున్నాం అంటున్నాం కనుక పెద్దవారు కూడా ఒప్పుకుంటారు.

ఈ పద్ధతిని చెప్పేవారు తరచు ఆరు నెలల గడువు చాలంటారు. మన దగ్గర అది చాలదు. పాలవెల్లి వినాయక చవితికే దిగుతుంది, ఆవకాయ జాడీకి ఎండాకాలంలోనే పని, బొమ్మల కొలువు బొమ్మలు కొన్ని ఇళ్లలో సంక్రాంతికీ కొన్ని ఇళ్లలో దసరాకూ బయటికి వస్తాయి, స్వెట్టర్లకు డిసెంబరు వస్తే కాని విలువ తెలియదు. ఏడాది తిరిగితే కాని మన ఇంట్లో ఏది పనికిరానిదో చెప్పలేం. అధికమాసం వచ్చిన ఏడు పండుగలు ఆలస్యంగా వస్తాయి కనుక, 13 నెలల గడువు పెట్టుకుంటే ఏ పండుగా తప్పిపోదు.

పెట్టెలో పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి: కాగితాలు, పట్టుబట్టలు, మందులు, బ్యాటరీ తీయని ఆటబొమ్మలు, రిమోట్లు. బ్యాటరీ కారితే పెట్టెలో ఉన్నదంతా పాడవుతుంది. కోస్తా ఊళ్లలో నేల మీద ఉంచిన అట్టపెట్టెకు వానాకాలంలో చెమ్మ, దానితో చెదలు పడతాయి కనుక, అక్కడ మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో కొన్ని ఎండు వేపాకులు వేసి ఎత్తుగా ఉంచడం మేలు. అన్నట్టు, డబ్బాలు ముందే కొనకండి. సర్దడానికని డజను డబ్బాలు కొని, అవి నింపడానికి సామాను వెతికిన ఇళ్లు నేను చూశాను. మాది అందులో ఒకటి.

ఐదు ఎస్‌లు

జపాన్ కర్మాగారాల్లో రూపుదిద్దుకున్న ఈ విధానానికి ఇంగ్లీషులో రాస్తే ఎస్‌తో మొదలయ్యే ఐదు జపాన్ మాటలు ఆధారం: సెయిరి అంటే అక్కరలేనిదాన్ని వేరు చేయడం, సెయిటన్ అంటే ప్రతిదానికీ చోటు కేటాయించడం, సెయిసో అంటే శుభ్రం చేయడం, సెయికెట్సు అంటే ఈ మూడింటినీ అందరూ ఒకేలా చేసేలా ప్రమాణం ఏర్పరచడం, షిట్సుకే అంటే దాన్ని అలవాటుగా నిలపడం. మన దేశంలో కర్మాగారాలు, ఆసుపత్రులు, గోదాములు దీన్ని విరివిగా వాడుతున్నాయి.

మిగతా పద్ధతులు ‘ఇది నాకు కావాలా’ అని అడిగితే, ఐదు ఎస్‌ల విధానం ‘ఇది ఈ పనికి కావాలా’ అని అడుగుతుంది. పని చోటుకు ఇది నప్పడానికి కారణం అదే. అనుమానమున్న వస్తువుకు తేదీ రాసిన ఎర్రచీటీ కట్టి, అందరికీ కనిపించే ఒక చోట కొన్నాళ్లు ఉంచుతారు. ఎవరూ అడగకపోతే తీసేస్తారు. ఇంటి పెట్టెకు ఇది అన్నగారు. మరమ్మతు షాపుల్లో పనిముట్టు ఆకారాన్ని గోడ బోర్డు మీద గీసి, ఆ గీత మీదే దాన్ని తగిలించడం సెయిటన్‌కు మంచి ఉదాహరణ: సాయంత్రం షట్టరు దించేటప్పుడు ఖాళీ గీత కనిపిస్తే స్పానరు ఎక్కడో మిగిలిపోయిందని తెలిసిపోతుంది. కిరాణా దుకాణంలోనూ మందుల షాపులోనూ ముందు వచ్చిన సరుకును ముందు వరుసలో ఉంచడం కూడా ఈ కోవలోదే. ఇంట్లో వంటింటికి ఇది చాలు. పడకగదికి ఎర్రచీటీలు కట్టడం అతి అవుతుంది.

మొదటి మూడు ఎస్‌లు ఒక్క ఆదివారంలో అవుతాయి. నాలుగోదీ ఐదోదీ యజమాని స్వయంగా పాటించినప్పుడే నిలుస్తాయి. పనివాళ్ల బల్లలకు పట్టీలు అంటించి, తన బల్ల మీద మాత్రం ఫైళ్ల గుట్ట పెంచుకున్న మేనేజరు దగ్గర ఈ విధానం గోడ మీది పోస్టరుగా మిగులుతుంది.

ఐదింటి పోలిక

| పద్ధతి | అధికారం పలువురిదైతే | కావలసిన సమయం | కావలసిన చోటు | పొరపాటు దిద్దుకునే వీలు | నిలకడ |
|---|---|---|---|---|---|
| పండుగ దులుపుడు | బాగా కుదురుతుంది | వరుసగా రెండు మూడు రోజులు | ఇల్లంతా | మధ్యస్థం | తక్కువ |
| రకాల వారీ | కుదరదు | రకానికి ఒక పూర్తి రోజు | ఎక్కువ | తక్కువ | ఎక్కువ |
| రోజుకొక అర | చిన్న వస్తువులకే | రోజుకు 15–20 నిమిషాలు | అక్కరలేదు | మధ్యస్థం | సంచి నియమం ఉంటే ఎక్కువ |
| తేదీ పెట్టె | బాగా కుదురుతుంది | సర్దడానికి ఒక పూట, నిరీక్షణ 13 నెలలు | పెట్టెలకు కొంత | చాలా ఎక్కువ | మధ్యస్థం |
| ఐదు ఎస్‌లు | పని చోట కుదురుతుంది | మొదలుకు ఒక రోజు, తర్వాత రోజూ కొన్ని నిమిషాలు | కొంత | ఎక్కువ | యజమానిని బట్టి |

ఎవరికి ఏది

అద్దె ఇళ్లలో ఉండి తరచు మారేవారికి పెద్ద ఆలోచన అక్కరలేదు: ఇల్లు మారడానికి నెల ముందు రకాల వారీగా ఏరితే లారీ కిరాయి కూడా తగ్గుతుంది. గత ఇంటి నుంచి విప్పకుండా తెచ్చిన పెట్టె ఏదైనా ఉంటే అది తనంతట తానే తేదీ పెట్టె అయిపోయిందని గ్రహించాలి.

అత్తమామలతో కలిసి ఉండేవారికి నేను సూచించేది రెండు పద్ధతుల జోడింపు. ఎవరి బీరువా వారు రకాల వారీగా ఏరుకుంటారు. వంటిల్లు, సామానుగది వంటి ఉమ్మడి చోట్లకు తేదీ పెట్టె వాడతారు. పెట్టె విప్పే రోజును మాత్రం పండుగకు పెడతారు. కోడలు ఒక్కతే వంటిల్లు సర్దడం మొదలుపెడితే, ఆ పని ఎంత మంచిదైనా, అత్తగారి చేతి గుర్తులు చెరిపేస్తున్నట్టు కనిపించే ప్రమాదం ఉంది. పోపులపెట్టె పెట్టే చోటును ఆమెనే నిర్ణయించమనడం చిన్న మర్యాద; ఆ మర్యాదతో పై అరలోని గిన్నెల మీద సగం అనుమతి వస్తుంది.

అన్నిటికన్నా కష్టమైన సందర్భం తల్లిదండ్రుల ఇల్లు ఖాళీ చేయడం. పిల్లలు హైదరాబాదులోనో, డాలస్‌లోనో, సింగపూర్‌లోనో ఉంటారు. ఊళ్లో మండువా ఇల్లో, కాలనీలో పాత డాబానో మూతపడుతుంది. వచ్చినవారికి దొరికేది పది రోజుల సెలవు. స్వీడన్‌లో దీనికి డోస్టెడ్నింగ్ అనే మాటే ఉంది. తాను పోయాక పిల్లలకు భారం కాకుండా, బతికుండగానే తన వస్తువులను తానే తగ్గించుకోవడం దాని అర్థం. ఆలోచన మంచిదే కాని, మన పెద్దవారి దగ్గర ఈ మాట అదే రూపంలో ఎత్తితే అశుభం పలికినట్టవుతుంది. దానికి బదులు, ఇది ఎవరికి ఇవ్వాలని నీ మనసులో ఉందమ్మా అని అడిగితే సంభాషణ సాఫీగా సాగుతుంది. ఎందుకంటే ఏ మనవరాలికి ఏ వడ్డాణం, ఏ కోడలికి ఏ కంచు చెంబు అన్న పంపకం వారి మనసులో ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. వారు చెబుతున్నప్పుడు ఫోనులో రికార్డు చేసుకుంటే, వస్తువుతో పాటు దాని కథ కూడా దక్కుతుంది.

పది రోజుల్లో ఇల్లు ఖాళీ చేయవలసి వస్తే మొదటి రెండు రోజులు కాగితాలకే కేటాయించాలి. తర్వాత ఫోటోలు, ఆపైన ఇత్తడి, కంచు, రాగి సామాను, చివరగా చెక్క సామాను. ఎక్కువమంది చెక్క సామానుతో మొదలుపెట్టి అక్కడే అలిసిపోతారు. తిరగలి, రోలు, భోషాణం వంటివి ఎవరూ తీసుకుపోలేనివి అయితే ఊళ్లో వాడేవారికి ఇవ్వడమే వాటికి గౌరవం. ఫ్లాటు బాల్కనీలో పూలకుండీ కింద పీటగా మారిన తిరగలిని చూసినప్పుడల్లా నాకు ఏదోలా ఉంటుంది. విదేశంలో ఉన్న తోబుట్టువుకు వస్తువుల ఫోటోలు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఒక్కోదానికి నంబరు వేసి, ఫలానా తేదీలోగా చెప్పకపోతే ఇచ్చేస్తాం అని ముందే రాయడం తర్వాతి నిష్ఠూరాలను తప్పిస్తుంది.

ఇంటి నుంచే పనిచేసేవారికి డైనింగ్ టేబులే ఆఫీసు అవుతోంది కనుక, వారికి కావలసింది పెద్ద సర్దుడు కాదు, ఒక ట్రే. ల్యాప్‌టాప్, ఛార్జర్, నోటుపుస్తకం అందులో పట్టాలి. పని ముగియగానే ట్రే అలమరలోకి వెళ్లాలి. ట్రేలో పట్టనిది ఆ టేబుల్ మీదికి రాకూడదు.

చిన్న దుకాణం, వర్క్‌షాపు, క్లినిక్ నడిపేవారు మరో ఆలోచన లేకుండా ఐదు ఎస్‌లు ఎంచుకోవచ్చు. అయితే ఎర్రచీటీని లెక్కల ఫైళ్లకు కట్టకండి. జీఎస్టీ కింద నమోదైన వ్యాపారులు ఆ ఏటి వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కల పుస్తకాలు, రికార్డులు ఉంచాలి. కంపెనీగా నమోదైన సంస్థలు 8 ఆర్థిక సంవత్సరాల లెక్కలు ఉంచాలి. ఏదైనా వివాదం నడుస్తుంటే అది ముగిసేదాకా కదపకూడదు.

కాగితాలకు వేరే దారి

ఈ ఐదు పద్ధతుల్లో ఏదీ కాగితాలకు పూర్తిగా పనికిరాదు. కొన్‌మారి కాగితాలను వీలైనంతగా తగ్గించమంటుంది. మన పరిస్థితిలో ఆ సలహాను అక్షరాలా పాటించడం ప్రమాదం. స్థలం, ఇల్లు, పొలం తాలూకు అసలు దస్తావేజు, దానికి ముందున్న లింకు దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకం, వీలునామా, అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చిన పత్రం ఎంత పాతవైనా ఉంచవలసినవే. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో సర్టిఫైడ్ నకలు దొరుకుతుంది కదా అనుకోవచ్చు. కాని అసలు పోయినప్పుడు పోలీసు ఫిర్యాదు, పత్రికా ప్రకటన వంటివి అడుగుతారు, అప్పు కావాలంటే బ్యాంకులు వెనకాడతాయి. ఇంటి అప్పు తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలనీ, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. అలా వచ్చిన పత్రాలను జాబితాతో సరిచూసుకుని అదే రోజు ఫైలులో పెట్టాలి. ఇల్లు కొన్నప్పటి, పెంచినప్పటి రశీదులు ఆ ఇల్లు అమ్మేదాకా ఉంచుకోవాలి; లాభం మీద పన్ను లెక్కలో అవి అక్కరకు వస్తాయి.

మరి తీసేయగలిగినవి ఏవి? గడువు తీరిన వారంటీ కార్డులు, అమ్మేసిన వస్తువుల మాన్యువళ్లు, పాత కరెంటు బిల్లుల్లో చివరి ఏడాదివి తప్ప మిగతావి, ఆధార్ జిరాక్సులు. ఆధార్, పాన్ నకళ్లను మాత్రం చింపకుండా పాత పేపర్లవాడికి వేయకూడదు. దుకాణాల్లో ఇచ్చే థర్మల్ కాగితం బిల్లు మీది అచ్చు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది కనుక, వారంటీ ఉన్న వస్తువైతే ఇంటికి రాగానే ఫోటో తీసి ఉంచుకోవాలి. 2015లో మొదలైన డిజిలాకర్‌లో సంబంధిత శాఖ నేరుగా జారీ చేసిన డ్రైవింగ్ లైసెన్సు, మార్కుల జాబితా వంటివి చట్టం దృష్టిలో అసలుతో సమానం; మనమే స్కాన్ చేసి ఎక్కించినవాటికి ఆ హోదా లేదు.

తీసినది ఎటు పోవాలి

పద్ధతి ఏదైనా, తీసిన వస్తువు ఎటు పోతుందో ముందే తేలకపోతే అది వరండాలో స్థిరపడుతుంది. పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చే అమ్మాయి వీధిలోకి వస్తే సులువే కాని, ఆ బేరంలో మూడు పట్టుచీరలు వెళ్లి ఒక టిఫిన్ డబ్బా వస్తుంది; అంటే బరువు తగ్గినా గిన్నెల సంఖ్య మళ్లీ పెరుగుతుంది. మెత్తటి నూలు చీరలను బొంతలుగా కుట్టించడం ఇప్పటికీ మంచి ఉపయోగమే, అయితే ఇంట్లో బొంత కప్పుకునేవారు ఉంటేనే. ఇత్తడి, రాగి తూకానికి పోతాయి కనుక రెండు మూడు చోట్ల ధర కనుక్కుని అమ్మాలి. నకాషీ పని ఉన్న పాత సామానును తూకానికి వేయడం మాత్రం తప్పు. పుస్తకాలను కిలోల లెక్కన అమ్మే ముందు హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం పరిచే పాత పుస్తకాల వారినో, విజయవాడ లెనిన్ సెంటర్ దుకాణాలనో ఒకసారి అడిగితే, అవి చదివేవారి చేతికి చేరతాయి.

పాత ఫోన్లు, ఛార్జర్లు, కంప్యూటర్లు ఇనుప సామాను బండిలో వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాల ప్రకారం వీటిని నమోదైన రీసైక్లర్ల ద్వారా శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులది. చాలా కంపెనీలు, పెద్ద షోరూములు పాతవాటిని తీసుకుంటాయి. ఇచ్చే ముందు ఫోనులోని సమాచారం చెరిపి, సిమ్ము, మెమరీ కార్డు తీసుకోవాలి. ఉబ్బిన లిథియం బ్యాటరీని సొరుగులో ఒక్కరోజు కూడా ఉంచకూడదు. సీఎఫ్‌ఎల్ బల్బుల్లో, పాత ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది కనుక, వాటిని పగలకుండా అట్టలో చుట్టి విడిగా ఇవ్వాలి.